మాండరిన్‌కు మనిషి కావలెను

ఫిబ్రవరి 3, మంగళవారం

నీకు చైనా అంటే మంచూరియా, కాదంటే శత్రువు. మూడోది తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఈ పేజీ తెరిచినవాడివి ఎవడివైనా సరే, నిన్నే అంటున్నాను. యాభై ఒకటో ఏట చైనీస్ ఎందుకు మేడం అని నవ్వింది నువ్వే.

చైనాలోని కున్‌మింగ్‌లో ఏడాది భాషా కోర్సు. ఏప్రిల్‌లో వీడియో ఇంటర్వ్యూ, మొత్తం చైనీస్‌లో, అంటే మాండరిన్‌లో. చదవడం వచ్చింది. మాట్లాడటానికి మనిషి లేడు. ఆన్‌లైన్ ట్యూటర్లు ముగ్గురు మారారు. వీకెండ్ ఎలా గడిచింది అని వాళ్లడుగుతారు. మీ ఫ్యాక్టరీల్లో పని గంటలెన్ని అని నేనడుగుతాను. తర్వాత స్లాట్లు ఖాళీ లేవంటారు.

ఉప్పల్‌లోని ఈ ఫ్లాట్‌లో నేను మాట్లాడేది టీవీతోనే. అదీ తిట్టడానికి.

ఫిబ్రవరి 8, ఆదివారం

నాచారంలో సురేష్ జిరాక్స్ షాపు గోడ మీద కాగితం: నేను చైనీస్ నేర్పుతాను, మీరు తెలుగు నేర్పండి. పెట్టి నెలయింది మేడం, ఒక్కరు గూడ అడగలె, ఇద్దరొచ్చి నూడిల్స్ జేసుడు నేర్పుతదా అన్నరు అని సురేష్ చెప్పాడు.

కాగితం మీది నంబరుకు ఫోన్ చేస్తే సాయంత్రానికి మా ఫ్లాట్‌కు వచ్చింది. పేరు యాథింగ్. తార్నాక వైపు యూనివర్సిటీలో భాషాశాస్త్రం ఎమ్మే. నాచారంలోనే అద్దె గది. కూర్చోగానే, మాది తైవాన్ అని చెప్పింది. నేను చైనా అంతర్యుద్ధం దగ్గర మొదలుపెట్టి చరిత్రంతా వివరించాను. ఓపిగ్గా విని, టీ మస్తుంది అంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

వారం వారం వస్తోంది. గంట చైనీస్, గంట తెలుగు. ఆమె తెలుగంతా షేర్ ఆటోల్లో నేర్చిందే. ఇవాళ తలుపు తీయగానే, ఏందక్కా మొఖం గట్ల వెట్టినవ్ అంది. చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది.

నా చైనీస్ మైకు ముందు నిలబడి మాట్లాడినట్టుందట. ముందు వంకాయలు కొనడం నేర్చుకోమంది. తనే అమ్మేమనిషి, నేను కొనేదాన్ని. పుచ్చులున్నాయని చైనీస్‌లో అన్నాను. పొద్దుగాల వస్తే మంచియి దొరుకుతుండె, ఇప్పుడు నీ మొఖానికి ఇవే అని దబాయించింది.

ఆమె వెళ్లాక కప్పులు కడగలేదు. రెండు కప్పులు అలా బల్ల మీద ఉండనీ అనిపించింది.

మార్చి 12, గురువారం

విదేశీయులు అద్దెకుంటే వాళ్ల వివరాలు ఓనరే ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. ఆమె ఓనర్ పరంధామయ్య, రైల్వే రిటైర్డ్, ఎక్కించను, గది ఖాళీ చెయ్ అంటున్నాడు. వెళ్లాను. పిల్ల మంచిదేనమ్మా, గని రేపు బార్డర్ల లొల్లయితే పోలీసోళ్లు నా ఇంటికొస్తరు, నాకెందుకీ ఫికర్ అన్నాడు. ముస్లింలకు ఒక సాకు, దళితులకు ఒక సాకు, ఈ పిల్లకు ఇదా అన్నాను. మీరు టీచరా లీడరా అని అడిగాడు.

యాథింగ్ నా చెయ్యి పట్టి లాగింది. జర ఆగక్కా, మా యూనివర్సిటీ సార్ వచ్చి మాట్లాడతడు అంది.

ఆగడం నాకు రాదు. ఆగమన్నవాళ్ల వల్లే ఈ దేశం ఇలా ఉంది.

మార్చి 15, ఆదివారం, ఉదయం 7

నేను వేయించిన ఫ్లెక్సీ వచ్చేసింది. 'చైనా విద్యార్థినికి ఇల్లు నిరాకరించడం అమానుషం.' పక్కన ఆమె ఫోటో. పదింటికి పరంధామయ్య గేటు ముందు ధర్నా. మా హక్కుల సంఘం నుంచి పద్మశ్రీ, గిరిప్రసాద్ వస్తామన్నారు. యాథింగ్‌కు చెప్పలేదు. చూస్తే సంతోషిస్తుంది.

అదే రోజు, సాయంత్రం

సంఘం వాళ్లిద్దరూ ఒక ఫోటో దిగి వెళ్లిపోయారు. గల్లీ మాత్రం మొత్తం దిగింది. చైనా దాన్ని ఇక్కడ ఎవడు వెట్టిండ్రా అని ఒకడు. అప్పటిదాకా నేపాలీ పిల్ల అనుకున్నారట, ఎవరూ పట్టించుకోలేదట. అందరి చేతుల్లో ఫోన్లు, వీడియోలు.

యాథింగ్ మెట్లు దిగి వచ్చింది. నేను నేర్పిన అక్షరాలే. కూడబలుక్కుంటూ ఫ్లెక్సీ మొత్తం చదివింది. చైనా గాదక్కా, మొదటి రోజే చెప్పిన అంది. నేనేం అడగలె, నువ్వే జవాబిచ్చినవ్ అంది. నాకు గది గావాలె, ఫ్లెక్సీ గాదు అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనగలిగేదాన్ని.

మార్చి 16

ఫోన్ ఎత్తలేదు.

మార్చి 19, గురువారం

పరంధామయ్య గేటు అవతలే నిలబడి చెప్పాడు. వాళ్ల సార్ శనివారం వచ్చిండు, సోమవారం ఆన్‌లైన్ల ఎక్కిస్తనని మాటిచ్చిన, మీరు నడుమ ఆదివారం బోర్డు వెట్టిన్రు, ఇంక గల్లీ ఊకుంటదా అన్నాడు. పిల్ల ఏదో హాస్టల్‌కు పోయిందట. ఎక్కడో ఎవరికీ చెప్పొద్దందట. నాకు కూడానా అని అడిగాను. మీకేనమ్మా అన్నాడు.

శనివారం ఒప్పుకున్నవాడివి శనివారమే ఎందుకు ఎక్కించలేదు అని నిలదీశాను. లోపలికి వెళ్లిపోయాడు. నా ప్రశ్న ఇప్పటికీ సరైనదే. దాన్ని పెట్టుకుని నేనేం చేసుకోవాలి.

మార్చి 29, ఆదివారం

వంకాయల బేరం ఒక్కదాన్నే ఆడాను. రెండు గొంతులతో.

ఏప్రిల్ 9, గురువారం

ఇంటర్వ్యూ అయింది. చైనీస్‌లో ఎవరితో మాట్లాడుతుంటారు అని ఇంటర్వ్యూ చేసే ఆవిడ అడిగింది. తైవాన్ స్నేహితురాలితో అన్నాను. అన్నాక, తైవాన్ మాదే అంటుందని, కాళ్లు కింద ఆనించి, వాదనకు సర్దుకుని కూర్చున్నాను. ఆవిడ తలూపి తర్వాతి ప్రశ్న వేసింది. నాతో ఎవరూ వాదించలేదు.

ఏప్రిల్ 12, ఆదివారం

డిమాండ్లు:

1. గది అద్దెకిచ్చేవాళ్లు దేశం, కులం, కూర అడక్కూడదు.

2. విదేశీ విద్యార్థుల వివరాలు ఎక్కించే పని ఓనర్ దయకు వదలకూడదు.

3. ఆ వీడియోలు తీసినవాళ్లు తీసేయాలి.

4. ధర్నా చేసేముందు, ఎవరి కోసమో ఆ మనిషిని అడగాలి. ఇది నాకు.

5. యాథింగ్‌కు గది దొరకాలి. ఎక్కడో నాకు చెప్పనక్కర్లేదు.

6. ఎవరైనా ఒక గంట నాతో మాట్లాడాలి. ఏ భాషైనా సరే. విషయం వాళ్లిష్టం.