పెడల్ నొక్కే మనిషి

ఏమండీ,

భోజనం బల్ల మీద మూతపెట్టి ఉంచాను. ఆ గ్రీజు చేతులు ముందు కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో కడుక్కుని మరీ తినండి. కిటికీలో గ్లాసులో ఉన్నది మీ బ్రేకు ఆయిలు, దాహమేసి తాగేరు, జాగ్రత్త. ఆ గ్లాసు ఇక మీ షెడ్డుకే అంకితం, నాకక్కర్లేదు.

మన ముసలి కారుకి ముందు బ్రేకులు కొత్తవి వేసేశానని నిన్న వీధి వీధంతా చాటారు. పొద్దున నేను పెడల్ నొక్కి చూస్తే మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. బ్రేకు గొట్టాల్లో గాలి ఉంది. అది తియ్యకుండా రేపు అమ్మాయిని అందులో ఆఫీసుకి దింపుతానంటే ఊరుకోను. కారు తాళం నా బ్యాగులోనే ఉంది, దానికోసం ఇల్లు పీకి పందిరెయ్యకండి.

గాలి తియ్యడానికి మీ తమ్ముణ్ణి మాత్రం పిలవొద్దు. పోయినసారి మీరు చక్రం దగ్గర్నుంచి "వదులు" అనకముందే మహానుభావుడు పెడల్ మీంచి కాలు తీసేశాడు. మళ్లీ గాలి దూరింది. బ్రేకు పడక కారు గుద్దిన మన గేటు ఇంకా ఆ వంకరతోనే ఉంది. తనేమో తప్పు గేటుదే అంటాడు.

సాయంత్రం వచ్చాక నేనే డ్రైవరు సీట్లో కూర్చుంటాను. మీరు నొక్కమంటే నొక్కుతాను, వదలమనేదాకా కాలు కదపను.

బస్సుకి టైమైంది, వెళ్తున్నా.

ఇంకో మాట. ఇన్నేళ్ల కాపురంలో నేను మీ మాట తు.చ. తప్పకుండా వినేది ఆ ఒక్క సీట్లోనే. ఆ ముచ్చట కూడా తీసుకెళ్లి మీ తమ్ముడికిస్తారా?