డిశ్చార్జి అన్న మాట

కామారెడ్డి, 1938 ఆషాఢం, మంగళవారం

రైల్వేలో పనిచేసే మా అన్న కాలు వారం కిందట రైలు పట్టా కింద పడి నలిగింది. ఈ సాయంత్రం దవాఖానలో ఆ కాలు చూసి డాక్టరు కాంపౌండరుతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో ‘డిశ్చార్జి’ ఒక్కటే నాకు తెలిసింది. ఇంటికి పంపిస్తారనుకున్నాను. నేను చెప్పగానే వదిన బట్టలు మూట కట్టింది. మా ఊరు ఎల్లారెడ్డికి బండి మాట్లాడదామని లేచాను.

అన్న మొహం మాత్రం పాలిపోయింది.

"గది ఇంటికి పంపుడు కాదు తమ్మీ. మా రైల్వేల డిశ్చార్జి అంటే నౌకరీ తీసేసుడు. కుంటోన్ని ఎవలుంచుకుంటరు?"

వదిన ఏడుపు మొదలుపెట్టింది. నేను పోయి ఈ రెండింట్లో ఏదని కాంపౌండరును అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

"రెండూ కాదు. పుండు నుంచి చీము కారుతున్నది. దాన్నే డాక్టరు సాబ్ డిశ్చార్జి అన్నడు. పొద్దున కట్టు విప్పి చూస్తరు. విషం పైకెక్కితే మోకాలి దాకా కాలు తీసెయ్యాలె."

తిరిగి వచ్చేసరికి అన్న నా వైపే చూస్తున్నాడు. "నౌకరీ పోయిందా?"

"పోలేదన్నా" అన్నాను. అది అబద్ధం కాదు.

అన్న నవ్వాడు. వదిన పెట్టిన జొన్న గటక తిని నిద్రపోయాడు. దేవుడా, అన్న చెప్పిన అర్థమే నిజమై ఉంటే ఎంత బాగుండేది.