మెదక్ గుడి అద్దాలు

మార్చి 3, సోమవారం

బాపుకు యాభై ఏడు, నాకు ముప్పై మూడు. బొగ్గుబాయిలో పంపు నడిపే బాపును మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అంటేనే ఆ నౌకరి వారసత్వంగా నాకు వస్తుంది. వచ్చే నెలే బోర్డు. అందుకే రోజూ పొద్దున చూపు ఆననట్టు రిహార్సల్. మూడు వేళ్లు చూపించాను. ఐదు అన్నాడు. శభాష్ అన్నాను. బీఈడీ చేసి నేను చెప్తున్న పాఠం ఇదీ.

మార్చి 19, బుధవారం

టీ గ్లాసులో కాకుండా పక్కన పోసుకున్నాడు. మొగుడి వేషం చూసి అవ్వ నవ్వలేక చచ్చింది. ఇంట్లో ఎందుకీ వేషాలని కసురుకున్నాను. అలవాటు గావాలె గద బిడ్డా అన్నాడు.

ఏప్రిల్ 8, మంగళవారం

అన్‌ఫిట్! దేవునికి స్తోత్రం!

కాగితం మీద గ్లాకోమా అని ఉంది, రెండు కళ్లకూ. డాక్టర్ల చేతనే రోగం పేరు రాయించాడని కాలనీ అంతటా చెప్పి నవ్వాను. మందమర్రిలో బాపును మించిన యాక్టర్ లేడు. బాపు కూడా నవ్వాడు. పని అయితే మెదక్ చర్చి గుడికి వస్తానని మొక్కుకున్నాడట.

ఏప్రిల్ 26, శనివారం, మధ్యాహ్నం, మెదక్

నిన్న హైదరాబాద్‌లో చిన్నమ్మ ఇంట్లో దిగి, పొద్దున బస్సెక్కాం. అవ్వ మోకాళ్ల నొప్పులతో రాలేదు. బస్సు దిగాక కూడా బాపు నా భుజం వదలలేదు. ఇక్కడెవరున్నారని ఈ వేషం అని చిరాకు పడ్డాను.

బాపు తన పదేళ్లప్పుడు లక్సెట్టిపేట సండేస్కూల్ పిల్లలతో వచ్చి చూశాడట. ఈ రంగు అద్దాల గురించి చెప్తూనే నన్ను పెంచాడు. బయట ఎండ, లోపల అద్దాల నిండా వెలుగు. యేసు పుట్టుక, సిలువ, పరలోకానికి ఎక్కిపోవడం.

చూడు బాపూ అన్నాను. మస్తు మంచిగున్నయి బిడ్డా అన్నాడు. మరియమ్మ, గొర్ల కాపరులు, సిలువ కింద ఏడ్చేవాళ్లు, అన్నీ చిన్నప్పుడు నాకు చెప్పిన వరుసలోనే చెప్పాడు. ముఖం మాత్రం స్తంభం వైపు ఉంది.

బోర్డు అయిపోయింది, ఇక చాలించు అన్నాను. గట్టిగానే అన్నాను. ఎవరో తిరిగి చూశారు.

యాక్టింగ్ గాదు బిడ్డా అన్నాడు.

పోయిన వానకాలం సంది సరిగ్గా కనబడ్తలేదట. బాయిల ఎట్లైనా చీకటే గద, గట్లనే నడిపిచ్చిన అన్నాడు. దవాఖానకు ఎందుకు పోలేదని అడిగాను. పోతే బాగు జేస్తరేమో, బాగైతే ఫిట్ అంటరు, నీ నౌకరి పోతది గద అన్నాడు.

బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కన బాపు కృతజ్ఞతా ప్రార్థన చేస్తున్నాడు. నా పేరు వినిపిస్తోంది. నేను శభాష్ అన్న ప్రతి పొద్దూ గుర్తొస్తోంది. చచ్చిపోవాలనిపిస్తోంది.

మే 2, శుక్రవారం

కంటి డాక్టర్‌కు చూపించాం. పోయిన చూపు రాదట. అప్పుడే వచ్చి చుక్కల మందు వేసుకుని ఉంటే చాలావరకు నిలిచేదట. చుక్కల మందు, అంతే.

మే 3

నౌకరి వద్దన్నాను. బాపు ఏడ్చాడు.

జూలై 14, సోమవారం

నౌకరికి జాయినింగ్ మెడికల్ పరీక్ష. కంటి చార్టు మీద చివరి వరుస దాకా చదివాను. ఫిట్ అన్నారు.

ఇంటికి రాగానే, ఏమేం అచ్చరాలు సదివినవ్ బిడ్డా అని బాపు అడిగాడు. ఒక్కొక్కటే చెప్పాను.