ఈల వేయని రోజు

బెర్మండ్సీ, లండన్
1934 అక్టోబరు 9, మంగళవారం

చిరంజీవి పెర్సీకి,

మీ అక్క హెట్టీ దీవెనలు. ఇక్కడ నేనూ, నీ మేనకోడలు లిల్లూ క్షేమం. నువ్వు గ్రేవ్‌సెండ్‌లో కులాసాగా ఉన్నావనీ, పడవల మీద పని దొరికిందనీ, చలికి ఆ పాత దగ్గు తిరగబెట్టలేదనీ అనుకుంటున్నాను. అనుకోవడమే గాని, ఎలా ఉన్నావని అడిగే ముఖం నాకు లేదు.

ముందు శుభవార్త. లిల్ పెళ్లి కుదిరింది. పిల్లవాడి పేరు టెడ్, తోళ్ల కార్ఖానాలో పని. చేతులు ఎంత రుద్దినా ఆ వాసన పోదు గాని మనిషి వెన్న. ఈ నెలాఖరు శనివారం పెళ్లి. తండ్రి లేని పిల్లను చర్చిలో చెయ్యి పట్టుకుని ఎవరు నడిపిస్తారా అని నేను తల పట్టుకుంటే, అదే తేల్చి చెప్పేసింది. పెర్సీ మామయ్య వస్తే మామయ్య చెయ్యి పట్టుకుని నడుస్తా, రాకపోతే ఒక్కదాన్నే నడుస్తా, వీధిలో ఇంకే మగాడి చెయ్యీ నాకక్కర్లేదు పో అంది. అన్నంత పనీ చేస్తుంది, నీకు తెలుసుగా. పెళ్లినాడు నా బిడ్డ దిక్కులేనిదానిలా ఒంటరిగా నడుస్తుందా, నీ పక్కన నడుస్తుందా అన్నది నీ జవాబు మీద ఉంది. అందుకే అంతా రాయాలని కూర్చున్నాను.

నార్క్. నీ తలుపు మీద రాసిన ఆ మాట రాయడానికే చెయ్యి రావడం లేదు చూడు.

మన చిన్నప్పుడు ఇంట్లో ఆ మాటకి ఇంత విషం ఉండేది కాదు. మనిద్దరం జుట్టూ జుట్టూ పట్టుకుంటే అమ్మ గరిటె పట్టుకొచ్చి, నార్క్ ఇట్, చాలించండి వెధవల్లారా, చెవులు తూట్లు పడుతున్నాయి అని అరిచేది. రొట్టె మీద కొవ్వు సరిగా రాయలేదని నువ్వు మూతి ముడిస్తే ఆ పూటంతా నువ్వు నార్కీగాడివి. నాన్నకి రేవులో మేస్త్రీ నార్క్, పబ్బులో పాట ఆపమనే ముసలమ్మ నార్క్, విందులో ఏడుపు ముఖంతో కూర్చున్న ప్రతివాడూ నార్కే. బట్టల క్లిప్పులు అమ్మే జిప్సీ ఆవిడ గుర్తుందా? మా భాషలో నాక్ అంటే ముక్కమ్మా, మీ నార్క్ మాటని మీవాళ్లు మా దగ్గర్నుంచే ఎత్తుకుపోయారు అంటే, ముక్కేగా, పట్టుకుపో తల్లీ, మా ఆయనది ఇంటికి సరిపోయేంత ఉంది అంది అమ్మ. ఆ రోజంతా నాన్న ముక్కు మూసుకునే తిరిగాడు.

కానీ పోలీసుల కోసం వాసన పట్టి ఉప్పందించేవాడు అనే అర్థంలో ఆ మాట ఒకడికి అంటుకుంటే, ఇక నవ్వులు ఉండవు. మన వీధిలో ఎవడినైనా దొంగ అని తిట్టి, సాయంత్రం వాడితోనే బీరు తాగొచ్చు. నార్క్ అన్నాక వాడి పలకరింపుకి కూడా జవాబు ఉండదు.

మార్చిలో ఆ పందేల రోజు సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. గాడ్‌బోల్డ్ మన వెనక సందులో దొంగచాటుగా జనం చేత గుర్రాల మీద పందేలు కట్టించుకోవడం, పోలీసు టోపీ కనపడగానే సందు మొగలో కాపలా ఉన్న నువ్వు ఈల వేయడం, అందరూ గోడలు దూకడం, ఏళ్ల తరబడి సాగిందే. ఆ రోజు ఇద్దరు పోలీసులు నీ పక్కనుంచే లోపలికి నడిచారు. నువ్వు ఈల వేయలేదు. గాడ్‌బోల్డ్ పందెం చీటీలు చేతిలో ఉన్న మన వీధి సిడ్ దొరికాడు. దొరికితే దొరికాడు, ఆరు పెన్నీల పందెం కట్టడానికి వచ్చిన ముసలి లోవెల్ కూడా దొరికి, గిడ్డంగిలో కాపలా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. చీకటి పడేలోగా నీ తలుపు మీద సుద్దతో ఆ మాట పడింది.

రోజూ పొద్దున్నే నా గుమ్మం తెల్లరాయితో రుద్దుకుంటూ ఎదురుగా నీ తలుపు చూసేదాన్ని. తడిగుడ్డ చేతిలోనే ఉండేది. వీధి దాటి ఆ అక్షరాలు తుడవలేదు. నలుగురూ నన్ను కూడా వెలివేస్తారని భయం. నువ్వు మూట కట్టుకుని వెళ్లేరోజు నా కిటికీ తట్టావు. నేను తెర దించేశాను. తెర వెనకాల నిలబడి, నువ్వు మళ్లీ తట్టకపోతే బాగుండు అనుకున్నాను పెర్సీ. తోడబుట్టినదాన్ని, అలా అనుకున్నాను. నువ్వు మళ్లీ తట్టలేదు.

పోయిన వారం గాడ్‌బోల్డ్ మా ఇంటికొచ్చాడు. టోపీ తీసి, టీ ఊదుకుంటూ, మీ కాబోయే అల్లుడు టెడ్ మీద పోలీసు కేసులేమీ లేవుగా అక్కా అని మొదలెట్టాడు. కొత్త సార్జెంటుకి పైవాళ్లకి చూపించడానికి అప్పుడప్పుడు ఒక అరెస్టు కావాలట. రోజూ చీటీలు రాసేవాణ్ణే ఇస్తే వాడు మళ్లీ మళ్లీ పట్టుబడి జైలుకి పోతాడు. అందుకని ముందే మాట్లాడుకుని, మచ్చలేని మనిషినొకణ్ణి చీటీలిచ్చి నిలబెడతాడట. జరిమానా తనే కడతాడట. ఈసారికి టెడ్ కావాలట. మార్చిలో సిడ్‌ని అలాగే పెట్టానమ్మా, సాఫీగా జరిగిపోయింది, ఆ ముసలాయన అడ్డం పడకపోతే అన్నాడు.

మరి మా పెర్సీ అన్నాను. బంగారంలాంటి కుర్రాడు అక్కా, ఈ రోజు ఈల వేయొద్దు, ఎందుకో ఎవరికీ చెప్పొద్దు అన్నాను, నోరు విప్పలేదు చూశారా అని మెచ్చుకున్నాడు! వాడి తలుపు మీద ఏం రాశారో కనపడలేదా నీకు అంటే, నేనేం చేసేది, బయటపడితే సార్జెంటూ మునుగుతాడు, నేనూ మునుగుతాను అని నసిగాడు.

అప్పుడర్థమైంది నాకు. ఒక్క మాట చెబితే నీ మీది మచ్చ కడుక్కుపోయేది. కానీ ఆ మాట చెప్పడమంటే గాడ్‌బోల్డ్‌ని పట్టించడమే. నీ తలుపు మీది మాట నిజం కాకూడదని, ఆ తలుపే వదులుకుని వెళ్లిపోయావు.

నేను వాణ్ణి వదల్లేదు. శనివారం పబ్బులో నీ నోటితో నువ్వు చెప్పకపోతే, చర్చి మెట్ల మీద నిలబడి నేను చెబుతా, నన్ను నార్క్ అంటే అనుకోనీ అన్నాను. చెప్పాడు. పబ్బు అంతా గ్లాసులోకి చూస్తూ కూర్చుందట. లోవెల్ మాత్రం లేచి, పెర్సీ మీద ఉమ్మేశాన్రా నేను, ఈ చేత్తోనే వాడి ముఖం మీద తలుపు మూశాను అని ఏడ్చాడట. తన ఆదివారం టోపీ నీకిస్తానన్నాడు, పెళ్లికి పెట్టుకోవడానికి. పక్కింటి మిసెస్ క్రిమ్మిన్స్ బకెట్టు పట్టుకుని నీ తలుపు కడగడానికి బయల్దేరింది. నేను బకెట్టు లాక్కున్నాను. నేనే కడిగాను. సుద్ద పోయింది గాని, తడి ఆరాక పాత రంగులో ఆ నాలుగక్షరాల జాడ ఇంకా లీలగా తెలుస్తోంది. టెడ్ పెళ్లిలోగా రంగు వేస్తానన్నాడు.

నాకోసం రావద్దు. లిల్ కోసం రా. మన వీధిలో తలెత్తుకుని నడిచే హక్కు ఉన్నది నీకొక్కడికే. నా బిడ్డకి ఆ చెయ్యే కావాలి.

కిటికీ తెర తీసి పెట్టి, దారి చూస్తూ ఉండే
మీ అక్క
హెట్టీ

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. అంతా రాయాలని కూర్చున్నాను అన్నానుగా, అంతా రాయలేదు. నువ్వు పోలీసుల్ని చూసి కూడా కావాలనే ఈల వేయలేదని వీధికి ఎలా తెలిసింది? నువ్వు నిలబడే ఆ మూల మా వెనక కిటికీలోంచి తప్ప ఎవరికీ కనపడదు. నువ్వు రెండు వేళ్లు నోటి దాకా తెచ్చి, దించేయడం నేనే చూశాను. బట్టలు ఉడకేస్తూ మిసెస్ క్రిమ్మిన్స్‌తో నేనే అన్నాను, మా పెర్సీ నోటి దాకా వేళ్లు తెచ్చి కూడా ఈల వేయలేదే, ఎందుకో అని. అంతే అన్నాను. ఆ సాయంత్రానికి సుద్ద పడింది. కిటికీ ఎవరిదో నీకు మొదట్నుంచీ తెలుసు, అవునా? ఈ సంగతి లిల్‌కి ఇంకా తెలియదు. చర్చిలో నీ చెయ్యి పట్టుకుని నడుస్తున్నప్పుడు కూడా నువ్వు దానికి చెప్పవు. నువ్వు చెప్పవని తెలిసే నాకింత సిగ్గు.