వెనకున్నామన్నవాళ్లు

శుక్రవారం, రాత్రి

ఆదివారాలు కూడా ఆఫీసుకు రమ్మంటే కుదరదని మేనేజర్‌తో అందరం కలిసి చెబుదామనుకున్నాం. "నీ గొంతు పెద్దది స్వామీ, నువ్వు ముందట నడువు. మేమంతా నీ వెనకున్నం" అన్నాడు పక్క సీటు యాదగిరి. రోజూ లంచ్‌లో నా పురాణ ప్రసంగం వింటూ నా డబ్బాలో పప్పు తింటాడు.

క్యాబిన్‌లో ధర్మాధర్మాలంటూ గర్జించి వెనక్కి చూస్తే, గుమ్మంలో యాదగిరి ఒక్కడే.

"మాకేం తక్లీఫ్ లేదు సార్. స్వామికే జర ఆవేశం ఎక్కువ."

మేనేజర్ నవ్వాడు. "అయితే ఆదివారం అందరికన్నా ముందు నువ్వే రావాలె, స్వామీ."

ఆదివారం నాంపల్లి గుడిలో నా పురాణ ప్రసంగం, క్షమ మీద. గ్రంథం తెరిస్తే ప్రతి శ్లోకంలో యాదగిరి ముఖమే. సెలవు దొరకలేదని, రాలేనని గుడివాళ్లకు ఫోన్ చేశాను. దొరికినా, జనానికి క్షమించమని ఏ నోటితో చెప్పను?