మానికు వాళ్ళ దీవి

షార్జా, రోలా
1979 ఫిబ్రవరి

నా హబీబూకి,

నీకు సలాములు, పాపకి ముద్దులు. నేను బాగున్నానని ఎప్పుడూ రాసేవాణ్ణి. ఈసారి అలా రాయలేకపోతున్నాను. నా గదిలో ఉండే మానికు పోయిన వారం వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. మాల్దీవుల మనిషి, రేవులో మూటలు దించేవాడు. గది నిండా మనుషులున్నా నాతో కలిసి తిన్నది అతనొక్కడే. ఇప్పుడు వండుకున్నా తినబుద్ధి కావడం లేదు. సైటులో అందరికీ నేను మేస్త్రీనే. హయాత్ అని పిలిచేవాళ్ళు లేరు.

వాళ్ళ దీవిలో పొలాలు లేవట. మగవాళ్ళు సూర చేపలు పట్టుకొస్తే ఆడవాళ్ళు ఉడకబెట్టి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టేవాళ్ళు. అది సిలోనుకి పోయేది, అక్కడినుంచి బియ్యం వచ్చేది. సిలోను కొనడం తగ్గించేసరికి ఊరంతా పస్తు. ఇప్పుడు విదేశీ ఓడలు సముద్రం మీదే పచ్చి చేప కొనేస్తున్నాయట. పడవలవాళ్ళు బతికారు గానీ మానికు భార్యలాంటి వాళ్ళకి పనే లేకుండా పోయింది.

పక్క దీవిలో తెల్లవాళ్ళు సెలవులకి వచ్చి ఉండటానికి గదులు కడుతున్నారట. "తాపీ పనివాళ్ళు కావాలి, నువ్వూ రా" అని చెప్పి వెళ్ళాడు. నిన్ను అడక్కుండానే, నన్ను పనిలో పెట్టుకున్న కఫీల్‌తో చెప్పేశాను. మే నెలతో ఇక్కడ ఖలాస్. ఆ తర్వాత నిన్నూ పాపనూ అక్కడికి పిలిపించుకుంటాను. కోప్పడకు.

నీ హయాత్ బాషా

నెల్లూరు
మార్చి

పాప వాళ్ళ అబ్బాకి,

కోపమెందుకు? నాలుగేళ్ళలో మొదటిసారి "నిన్నూ పాపనూ పిలిపించుకుంటాను" అని రాశారు. చదివి చాలాసేపు ఏడ్చాను. మీరు డ్రాఫ్టు పంపినప్పుడల్లా ఇరుగూపొరుగూ నన్ను అదృష్టవంతురాలివంటారు. జ్వరమొస్తే నీళ్ళిచ్చేవాళ్ళు లేరని నేనెవరికీ చెప్పలేదు. దీవైతే ఏం, ఎడారైతే ఏం. చేపలు ఎండబెట్టడం నాకూ వచ్చు. ఇల్లు ఖాళీ చేస్తామని ఇంటాయనతో చెప్పేశాను.

హబీబున్నీసా

షార్జా
మే

హబీబూ,

సామాను సర్దడం ఆపు. మానికు తిరిగి వచ్చేశాడు.

గదులు కడుతున్న ఆ దీవిలో కుటుంబాలు ఉండకూడదట. పనివాళ్ళంతా మగవాళ్ళే, రేకుల షెడ్డులో మాలాగే వరసగా పడుకుంటారు. సొంత ఊరి కొబ్బరిచెట్లు ఎదురుగా కనబడుతూనే ఉంటాయి గానీ, పడవ ఖాళీ ఉన్నప్పుడే ఇంటికి పంపుతారు. ఉన్నన్నాళ్ళలో భార్యని రెండుసార్లు చూశాడట. మళ్ళీ ఎందుకొచ్చావని అడిగాను.

"ఇక్కడినుంచైతే ఇల్లు కనబడదు కదా" అన్నాడు.

ఆ మాట విన్నాక నేనింకే దేశమూ పోలేను. ఉండిపొమ్మని కఫీల్ అన్నాడు, వద్దన్నాను. శుక్రవారం బొంబాయి ఓడ ఎక్కుతున్నాను. నెల్లూరులో పని దొరికితే చేస్తాను, దొరకని రోజు ఇంట్లో ఉంటాను. ఆ ఇల్లు పోతే పోయింది, ఇంకోటి చూసుకుందాం. నీకు జ్వరమొచ్చిన సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు హబీబూ.

మానికుకి పొద్దున్నే చెప్పాను. మంచిదన్నాడు. నా చొక్కాలు తనే మడతపెట్టి పెట్టెలో సర్దాడు. మూత వేస్తూ, "మరి నేను?" అన్నాడు.



వచ్చేస్తున్న
నీ హయాత్