అడవి మీదే అనుకోండి

హాలిఫాక్స్

కావ్యశ్రీ గారికి, రాజగోపాల్ నమస్కారాలు.

మీ ఆఫీసు నుంచి వచ్చిన ఈమెయిల్ కింద మీ పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. అడవులకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలో మన తెలుగమ్మాయి! అందుకే కాగితం మీద, తెలుగులో రాస్తున్నాను.

నేనిక్కడ, కెనడా తూర్పు తీరంలో, చెక్కతో పూజామందిరాలు చేసి అమ్ముతాను. ఈ మధ్య కొనేవాళ్లంతా "అంకుల్, ఈ చెక్క సస్టెయినబులేనా?" అని అడుగుతున్నారు. అందుకని నిరుడు ఊరికి దూరంగా ఒక చిన్న అడవి కొన్నాను. పద్ధతిగా కొడతాను, మళ్లీ నాటుతాను. దానికి మీ సర్టిఫికెట్ కావాలి.

"స్థానిక సముదాయం సమ్మతి" జతచేయమన్నారు. ఇదిగో. మా తెలుగు సంఘం అధ్యక్షుడు సంజయ్ గారు అత్యవసరంగా మీటింగ్ పెట్టి, నేను చెట్లు కొట్టుకోవచ్చని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఇక మీదే ఆలస్యం,
రాజగోపాల్

తా.క.: ఏకగ్రీవం అన్నాను గానీ మృదుల గారు ఒప్పుకోలేదు. ఆవిడ మీటింగ్‌లో సమోసాలకూ ఒప్పుకోలేదు, అందుకని పట్టించుకోలేదు.

*

బర్నబీ

రాజగోపాల్ అంకుల్ గారికి నమస్తే.

మీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. తెలుగు రాకపోయినా మా మేనేజర్ నవ్వాడు.

అంకుల్, సముదాయం అంటే మన సంఘం కాదు. ఆ నేల మీద మనందరికంటే ఎంతో ముందు నుంచీ ఉన్న మిగ్మా ఆదివాసులు. కాగితాల్లో అడవి మీదే. కానీ వేటకీ, మందుమొక్కలకీ, బుట్టలల్లే చెట్లకీ వాళ్లకక్కడ తరతరాల హక్కులున్నాయి. మీరేం చేయబోతున్నారో ముందే పూర్తిగా చెప్పి అడగాలి. వాళ్లు సరేననొచ్చు, వద్దనొచ్చు. వద్దనే స్వేచ్ఛ లేకపోతే అది సమ్మతే కాదు.

వాళ్ల పెద్దావిడ డోరీన్ గారి అడ్రస్ పంపుతున్నాను. వెళ్లి కలవండి. తక్కువ మాట్లాడండి, ఎక్కువ వినండి.

ఉంటాను మరి,
కావ్యశ్రీ

తా.క.: దయచేసి శాలువా కప్పకండి.

*

హాలిఫాక్స్

అమ్మా కావ్యశ్రీ, కొంప మునిగింది.

శాలువా వద్దన్నావు కదా అని పులిహోర పట్టుకెళ్లాం, నేనూ మా ఆవిడ ఝాన్సీలక్ష్మీ. డోరీన్ గారు యాష్ అనే చెట్టు చెక్కను పలచటి పేళ్లుగా చీల్చి బుట్టలల్లుతారు. మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, మెల్లగా అడిగారు: "ఆ అడవిలోకి ఇకమీద మేం రావచ్చా?"

నాకు మనసు చివుక్కుమంది. "అయ్యో, అదేం మాటండీ! అడవి మీదే అనుకోండి" అన్నాను. ఇంగ్లీషులోనే అన్నాను. ఆవిడ చాలాసేపు నా చేయి వదల్లేదు.

నిన్న ఫోన్ చేశారు. అడవి తిరిగిచ్చేసినందుకు వచ్చే నెల మొదటి ఆదివారం నాకు విందట! ఊరంతా వస్తున్నారట! ఝాన్సీ నాతో మాట్లాడటం మానేసింది. ఏం చేయమంటావు?

దిక్కుతోచని
అంకుల్

తా.క.: విందులో సాల్మన్ చేపట. వెళ్లకపోతే మర్యాదగా ఉండదేమో.

*

బర్నబీ

అంకుల్!!

మనకది మర్యాద. వాళ్లకది భూమి. వాళ్లకు మాటిచ్చి తప్పినవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు, ఆ వరసలో మీరు చేరకండి. విందుకు ముందే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేయండి. కోప్పడితే పడండి. పులిహోర మాత్రం మళ్లీ పట్టుకెళ్లండి.

కంగారుగా,
కావ్య

తా.క.: మా నాన్న కూడా అద్దెకు దిగినవాళ్లతో "ఇల్లు మీదే అనుకోండి" అన్నారు. వాళ్లు గోడ పగలగొట్టి కిటికీ పెట్టించుకున్నారు.

*

హాలిఫాక్స్

కావ్యమ్మకు అంకుల్ ఆశీస్సులు.

ఆదివారం పొద్దున్నే వెళ్లాం. నేను నోరు తెరిచేలోపే డోరీన్ గారు మమ్మల్ని అడవిలోకి తీసుకెళ్లారు. మధ్యలో చిత్తడి నేల, అందులో యాష్ చెట్లు. బుట్టలకు పనికొచ్చేవి ఈ చుట్టుపక్కల ఇక ఇవే మిగిలాయట. ఆవిడ వాళ్లమ్మతో వచ్చేవారట ఇక్కడికి. నా దుంగలు బయటికి రావాలంటే రోడ్డు వేయాల్సింది సరిగ్గా అక్కడే.

గుండె దిటవు చేసుకుని చెప్పేశాను. "అమ్మా, ఆ రోజన్నది మా వైపు మాట వరసకు అనే మాట. నన్ను క్షమించండి."

ఆవిడ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. "మాకు తెలుసు రాజ్. తీయగా మాట్లాడినవాళ్లను చాలామందిని చూశాం. నువ్వా మాట ఎలా వెనక్కి తీసుకుంటావో చూద్దామనుకున్నాం. ముందే వచ్చి మొహం మీద చెప్పావు, అది బాగుంది. విందుకేం ఢోకా లేదు, పద."

నేను హమ్మయ్య అనుకునేలోపు, ఇన్నాళ్లుగా నాతో నోరు విప్పని ఝాన్సీ విప్పింది. "వాళ్లు ఆ చెట్లతో ఏం చేస్తారో చూశాం. మీరేం చేస్తారో నాకు తెలుసు. అన్నారుగా, ఇచ్చేయండి."

ఆ చెట్ల వైపు చూశాను. వద్దనడానికి ఒక్క కారణమూ తోచలేదు.

చిత్తడి నేలంతా వాళ్ల పేర రాసిస్తున్నాను, లాయరు ఆ పనిలోనే ఉన్నాడు. ఇక దుంగలకు దారి లేదు, దారి లేనిదే మిగతా చెట్లు కొట్టీ లాభం లేదు. మందిరాలకు సర్టిఫికెట్ ఉన్న మిల్లు నుంచి మేపుల్ చెక్క కొంటాను. కాబట్టి, అమ్మా, ఇన్నాళ్లూ నిన్ను విసిగించిన ఆ దరఖాస్తును నా మాటగా కొట్టిపారెయ్. సముదాయం వద్దందనే రాసుకో. ఆ సముదాయంలో మా ఆవిడ కూడా ఉంది.

నీ మేలు కోరే
రాజగోపాల్ అంకుల్

తా.క.: ఝాన్సీ డోరీన్ గారి దగ్గర అల్లిక నేర్చుకుంటోంది. తన మొదటి బుట్ట నీకు పంపమంది, పంపుతున్నాను. ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. డోరీన్ గారు దాన్ని చాలాసేపు చూసి, "ధైర్యమున్న బుట్ట" అన్నారు.